బుల్లెమ్మ నిధి ఫ్రీజర్ పెట్టె

నేను ఒక ఫ్రీజర్ పెట్టెను. ఐస్‌క్రీములు పెట్టుకునేదాన్ని కాదు, పోయిన మనుషుల్ని పడుకోబెట్టేదాన్ని. ఈ మాట వినగానే మీరు కాస్త వెనక్కి జరిగారని నాకు తెలుసు. ఫరవాలేదు, నాకు అలవాటే. నన్ను చూసి వెనక్కి జరగని మనుషులు ఈ ఊళ్ళో మహా అయితే ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళలో మొదటి మనిషి వీరాయమ్మ.

నేను పుట్టింది హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో. ఒక పక్క కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లు, ఇంకో పక్క నేనూ తయారయ్యాం. అందరికీ అదే రేకు, అదే మోటారు, అదే వెల్డింగు. నాకు మాత్రం అద్దం మూత పెట్టి, ఎత్తడానికి రెండు పక్కలా పిడులు బిగించారు. పని పూర్తయ్యాక మేస్త్రీ లోపల చెయ్యి పెట్టి చూసి, "చలి బాగా పట్టింది" అని మురిసిపోయాడు. ఆ వెంటనే కుళాయి దగ్గరికి పోయి చెయ్యి కడుక్కున్నాడు. అప్పటికి నాలో ఎవరూ పడుకోలేదు. మనుషుల తీరు నాకు అర్థం కావడం అక్కడి నుంచే మొదలైంది.

నన్ను కొన్నది గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరి బుల్లెమ్మ ధర్మనిధి. కర్రి బుల్లెమ్మ అనే ఆవిడకు రైసుమిల్లు ఉండేది, పిల్లలు లేరు. పోయేముందు ఆస్తంతా నిధికి రాసి, రెండు పనులు చెయ్యమంది. నీడ లేని ముసలివాళ్ళకు గదులు కట్టించి బతికినంతకాలం ఉండనివ్వాలి, మిగిలిన రాబడితో ఏటా ఊరికి అవసరమైనదేదో సమకూర్చాలి. అక్కడితో ఆగితే అన్ని ధర్మాల్లాంటిదే అయ్యేది. ఊరికి ఏది అవసరమో తేల్చేది కమిటీ కాదు, ఆ గదుల్లో ఉండే ముసలివాళ్ళే తేల్చాలని కూడా రాసింది. అందుకని ఏటా ఒక రోజు వాళ్ళంతా అరుగు మీద కుర్చీలేసుకుని కూర్చుంటారు. బడికి బెంచీలు కావాలని హెడ్మాస్టరు, బ్యాండు మేళానికి డప్పులు కావాలని మేళం వాళ్ళు వచ్చి ముందు నిలబడి అడుగుతారు. ఏ ఇంట్లోనూ ఎవరూ సలహా అడగని మనుషుల్ని ఊరంతా వచ్చి అడుగుతుంది. బుల్లెమ్మ తెలివి తలుచుకుంటే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది.

ఆ ఏడాది యువజన సంఘం తరఫున గంగరాజు వచ్చి ఫ్రీజర్ పెట్టె కావాలన్నాడు. అద్దెకు తేవాలంటే బీదవాళ్ళకు తలకు మించిన పని అవుతోందన్నాడు. ఆ వయసులో ఆ మాట వినడం ఎవరికి ఇష్టం? ఒకప్పుడు బస్టాండులో ఇడ్లీలమ్మిన వీరాయమ్మ నోరు విప్పింది.

"మా ఆయన పోయింది మంచి ఎండాకాలంలోనండి. ఐసుదిమ్మలెట్టి ఊక పోశారు. నీళ్ళు కారిపోతా ఉంటే గుడ్డెట్టి తుడుత్తా కూకున్నాను గానీ ఆయన మొకం చూడ్డానికి తీరలేదు నాకు. ఇంకో ఆడదానికి ఆ బాధొద్దు. కొనండి."

ఆ మాటకు అందరూ తలూపారు, అబ్బులు తప్ప. అబ్బులు సినిమాహాల్లో గేటు దగ్గర టిక్కెట్లు చింపుతూ తల నెరిసినవాడు. "పోయినోళ్ళకి కొంటారు, బతికున్నోళ్ళకేటంట?" అన్నాడు. అతని మాట ఎవరూ పట్టించుకోలేదు.

నన్ను తెచ్చిన రోజున దండలేసి ఫోటోలు దిగారు. చాలా గొప్ప పని అని అందరూ పొగిడారు. ఆ గొప్ప పనిని ఎక్కడ ఉంచాలన్నప్పుడు మాత్రం ఒక్కొక్కరూ జారుకున్నారు. సంఘం ఆఫీసు ఉన్న వీధివాళ్ళు తమ పిల్లలు జడుసుకుంటారన్నారు. మార్కెట్ వీధివాళ్ళు బేరాలు పోతాయన్నారు. పంచాయతీ ఆఫీసులో చోటు లేదు, ఉన్న చోటులో విరిగిన కుర్చీలున్నాయి. చివరికి తిరిగి తిరిగి నిధి అరుగు మీదికే చేరాను. ముసలివాళ్ళ గదుల ముందు, అదీ అబ్బులు గది గుమ్మానికి పక్కనే.

ఆ రోజు నుంచి వీరాయమ్మకు మాటలు పడ్డాయి. కొనండన్నది ఆవిడేగా. సాయంత్రాలు అరుగు మీద కబుర్లు చెప్పుకునేవాళ్ళు పెరట్లోకి మారిపోయారు, ఆవిణ్ణి పిలవడం కూడా మానేశారు. ఎవరో నా మీద పువ్వుల దుప్పటి కప్పారు. అబ్బులు నా ముందు నుంచి నడవకుండా గది వెనక తలుపు తీయించుకుని, నూతి పక్కగా చుట్టూ తిరిగి వీధిలోకి పోయేవాడు.

"అది మనల్ని చూత్తా ఉంటాదండి. రేపెవరో, ఎల్లుండెవరో అని లెక్కెడతా ఉంటాది" అనేవాడు.

నాకంత తీరిక ఎక్కడిది? అయినా ఆ మాటకు మనసు చివుక్కుమంది, దాచుకోవడం దేనికి. వీరాయమ్మ మాత్రం పొద్దున్నే దుప్పటి తీసి నా అద్దం తుడిచి, దాని మీదే గోంగూర కట్టలు పరిచి ఆకు దూసుకునేది. "నీకూ నాకూ మాటలు తప్పవే" అనేది. నన్ను ఏమే అని పిలిచిన మనిషి ఆవిడొక్కతే.

పని విషయంలో మాత్రం నన్ను వేలెత్తి చూపేవాడు లేడు. ఏ పేటకు పిలిస్తే ఆ పేటకు వెళ్ళాను, ఒక్కసారీ మొరాయించలేదు. నన్నుంచిన చక్రాల బండికే చిన్న జనరేటరు బిగించారు, కరెంటు లేని ఇల్లయినా నాకు లోటు లేదు. నా చుట్టూ చేరి జనం చెప్పుకునే మాటలు వినాలి మీరు. పోయినవాడంత మంచివాడు లేడంటారు. ఆ మాటలు ఓ వారం ముందు చెప్పి ఉంటే ఆయన ఇంకొన్నాళ్ళు ఉండేవాడేమోనని నాకు చాలాసార్లు అనిపించింది.

అలా ఉండగా ఒక వేసవి చివర తుఫాను వచ్చింది. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి, పంటకాలువకు గండిపడి ఊళ్ళోకి నీళ్ళు వచ్చాయి. ఇళ్ళలో ఫ్రిజ్‌లన్నీ మునిగాయి. నిధి ఆఫీసు గది మీద కొబ్బరిచెట్టు పడి అక్కడి ఫ్రిజ్ అప్పడమైంది. ఎత్తయిన అరుగు మీద, చక్రాల బండి మీద ఉన్న నేను చెక్కుచెదరలేదు. గాలి ఆగిన మర్నాటి నుంచి ఉక్క మొదలైంది. గంగరాజు నా జనరేటరు ఆడించాడు. అంతే, నన్ను తమ వీధిలో ఉండనివ్వని పెద్దమనుషులంతా మోకాలి లోతు నీళ్ళలో పడి ఫోన్లు ఛార్జింగు పెట్టుకోవడానికి నా దగ్గరికి వచ్చారు. పువ్వుల దుప్పటి ఎవరు తీశారో గాని, ఆ రోజు నుంచి మళ్ళీ కనపడలేదు.

అసలు గండం అబ్బులుది. అతనికి చక్కెర జబ్బు, రోజూ రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకోకపోతే గడవదు. ఆఫీసు ఫ్రిజ్‌లోంచి పగలకుండా బయటపడ్డ సీసాలు ఉన్నవే ఉన్నాయి. దారులు తెగిపోయాయి, మందుల షాపులో సరుకు నీళ్ళపాలైంది. ఊరి ఆసుపత్రి నర్సమ్మ వచ్చి చూసింది. "ఈ వేడిలో బయట ఉంచితే మందు చచ్చిపోతుంది తాతా. తర్వాత పొడుచుకున్నా నీళ్ళు పొడుచుకున్నట్టే" అని చెప్పి, తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టించింది. ఆ ఉక్కకు కుండలో నీళ్ళే గోరువెచ్చగా ఉన్నాయి.

వీరాయమ్మ సీసాల్ని స్టీలు క్యారేజీలో పెట్టి, మూత బిగించి, తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"అందులోనా?" అన్నాడు అబ్బులు గుమ్మంలోంచి. "నేనెలాగూ పోతాను దాంట్లోకి. నా మందు ముందెల్లడం దేనికండీ?"

"మందు మీదండి, పెట్టె నిధిది, సెయ్యి నాది. మీరు నోరు మూసుకోండి" అని క్యారేజీ లోపల పెట్టేసింది.

అతను ఆ పూట నుంచి మొహం గోడకు తిప్పి చెయ్యి చాస్తే ఆవిడ సీసా అందించేది. నా సంగతి చెప్పమంటారా? ఒక మనిషి ఇంకా బతకడానికి నా చలి పనికొస్తుందని నాకెవరూ చెప్పలేదు. మందు వేడెక్కకుండా, గడ్డకట్టకుండా ఎప్పుడూ లేనంత జాగ్రత్తగా పనిచేశాను.

రెండో రోజు గంగరాజు వచ్చాడు. చర్చి వీధిలో ఉండే దేవసహాయం మాస్టారు పోయారని, రాయగడ నుంచి కూతురు రావాలని, పెట్టె కావాలని చెప్పి తలదించుకున్నాడు. క్యారేజీ సంగతి అతనికీ తెలుసు. ముసలివాళ్ళంతా మళ్ళీ అరుగు మీదికి చేరారు. కుర్చీలు లేవు, గోడకానుకుని నిలబడ్డారు.

ముందు మాట్లాడింది అబ్బులే. "ఇందులో ఆలోచనేటండి? పెట్టె కొన్నదే అందుకు. నా సీసాలు బయటెట్టేయండి" అన్నాడు. గట్టిగానే అన్నాడు గాని, మొహం గోడవైపే ఉంచాడు.

"పెట్టెల్తాది, మందూ ఎల్తాది" అంది వీరాయమ్మ. "మాస్టారి ఇంటావిణ్ణి నేనడుగుతాను."

నన్ను ట్రాక్టరుకు కట్టి నీళ్ళలో లాక్కెళ్తుంటే ఆవిడ పక్కనే నడిచి వచ్చింది. దారి పొడుగునా నోటిలో ఏదో చెప్పుకుంటూనే ఉంది. అప్పుడే భర్తను పోగొట్టుకున్న మనిషిని ఇలాంటిది ఎలా అడగాలి? అడగడానికి వీలైన మాట ఒక్కటీ దొరకలేదు కాబోలు, మాస్టారి భార్య సుగుణమ్మ ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. బంధువుల్లో ఒకాయన మొహం చిట్లించి, ఇదేం పద్ధతి అన్నాడు. సుగుణమ్మ ఒకసారి నన్నూ, ఒకసారి మాస్టారినీ చూసింది. ఆవిడ కాదంటే వీరాయమ్మ ఆ క్యారేజీ పట్టుకుని ఎక్కడికి పోతుందని నేను హడలిపోయాను.

"ఆయన పొట్టివారండి" అంది సుగుణమ్మ చివరికి. "కాళ్ళ దగ్గర చోటు మిగుల్తాది. పెట్టండి."

సాయంత్రం మందు వేళకు అబ్బులు వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపల కీర్తనలు పాడుతున్నారు. సుగుణమ్మే చూసి, "రండి అన్నయ్యగారూ, ఆయనేం అనరు" అని పిలిచింది. ఇన్నాళ్ళూ నూతి చుట్టూ తిరిగిన మనిషి అడుగులో అడుగేసుకుంటూ నా దాకా వచ్చాడు. సీసా తియ్యాలంటే అద్దంలోంచి మాస్టారి మొహం చూడక తప్పదు. చూశాడు. అలా చూస్తూనే నిలబడ్డాడు.

"ఈయన నాకెరికేనండి" అన్నాడు. "మార్నింగు షోకి బడెగ్గొట్టి వచ్చిన పిల్లల్ని ఏరుకుపోడానికి హాలుకొచ్చేవారు. నేను టిక్కెట్ల గదిలో దాచేసేవోణ్ణి. 'అబ్బులూ, ఎందర్ని దాచావురా' అనేవారు. ఒకరోజు పిల్లలు దొరక్క, సర్లే అని తనే టిక్కెట్టు కొనుక్కుని సినిమా చూసెళ్ళిపోయారు."

సుగుణమ్మ ఏడుస్తున్న మనిషి నవ్వేసింది. "ఆ సంగతి నాకు చెప్పనే లేదు చూశారా" అంది. మందు పొడుచుకున్నాక కూడా అబ్బులు వెళ్ళిపోలేదు. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు. మర్నాడు మందు వేళకు చాలా ముందే వచ్చాడు.

ఆ మధ్యాహ్నం కూతురు ఎస్తేరు చేరుకుంది. కొంత బస్సులో, కొంత ట్రాక్టరు మీద, మిగిలింది నడిచీ వచ్చానని చెప్పింది. అద్దం మీద తల పెట్టి కరువుతీరా ఏడ్చింది. ప్రార్థన అయింది, పెట్టెలోంచి తీసే వేళయింది. మూత ఎత్తగానే తండ్రి పాదాల దగ్గర స్టీలు క్యారేజీ ఆమె కంటపడింది.

"ఇదేంటి?" అంది.

సుగుణమ్మ ఏదో చెప్పబోయింది. మగవాళ్ళ వెనకనుంచి అబ్బులు ముందుకు వచ్చాడు.

"నాదమ్మా. సుగరు మందు. ఊళ్ళో ఇంకెక్కడా సల్లగా లేదు. మీ అమ్మగారు సోటిచ్చారు."

ఎస్తేరు అతన్ని పైనుంచి కిందికి చూసింది. వంగి క్యారేజీని తనే తీసి, రెండు చేతులా గుండెలకు ఆనించి పట్టుకుంది. తండ్రిని ఎత్తి బయట ఉన్న శవపేటికలోకి మార్చినంతసేపూ అలాగే పట్టుకుని నిలబడింది.

మనిషిని తీయగానే మోటారు ఆపడం ఎక్కడైనా రివాజు. ఆ ఆగడంతో నా పని అయిపోయినట్టు లెక్క, ఏ ఇంట్లోనైనా నాకు తెలిసిన చివరి సంగతి అదే. అలవాటు ప్రకారం గంగరాజు వంగి స్విచ్చు మీద చెయ్యి వేశాడు.

"ఆపకండి" అంది ఎస్తేరు.

నా దగ్గరికి వచ్చి, క్యారేజీని నా నడిమధ్యన పెట్టి, మూత తనే దించింది. తర్వాత తల్లి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

అందరూ మాస్టారి వెంట వెళ్ళారు. కీర్తన వీధి మలుపు దాటింది. అబ్బులు ఒక్కడూ వెనక ఆగి, వంగి నా మూతకు చెవి ఆనించాడు. మోటారు తిరుగుతూనే ఉంది. అది విని, తువ్వాలు భుజాన వేసుకుని, వాళ్ళను అందుకోవడానికి నీళ్ళలో గబగబా నడిచాడు.