ముంగి పేరు మీద అపాయింట్‌మెంట్

మావయ్య ఆఫీసంటే రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, కాలు విరిగితే తాడుతో కట్టిన ఒక కుర్చీ. చెల్లెలు చేరనంతవరకు అక్కడ అక్కదే రాజ్యం. ఏ వెబ్‌సైటు నమూనా చేసినా కంటికి కనిపించే పేజీనీ, వెనక పని చేసే కోడునూ ఒకే ఫైల్లో కలగాపులగంగా రాసేది. ఏది ఎక్కడుందో ఆమె ఒక్కదానికే తెలుసు. బటన్ రంగు మార్చాలన్నా మావయ్య వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడాల్సిందే. "కాస్త ఆ నీలం తగ్గించమ్మా" అని అతను బతిమాలుతుంటే పైకి విసుక్కునేది గాని, లోపల మాత్రం ఎంతో హాయిగా ఉండేది.

చెల్లెలు చదువు ముగించి ఈ ఏడే చేరింది. ఆ ఫైలు చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఇదేంటే అక్కా, బట్టలూ గిన్నెలూ ఒకే బీరువాలో కుక్కినట్టు? పేజీలు వేరే ఫోల్డర్లో పెట్టేద్దాం. నీ కోడు నీది, నా పేజీలు నావి. నువ్వు డేటా పంపితే చాలు, ఎక్కడ చూపించాలో పేజీ చూసుకుంటుంది."

"నా కోడు పూర్తి కాకముందు నీ పేజీలో ఏం చూపిస్తావ్?"

"ఉత్తుత్తి పేర్లు పెట్టుకుంటాలే."

మావయ్యకు అది తెగ నచ్చేసింది. అప్పటినుంచి రంగుకైనా బొమ్మకైనా చెల్లెలి కుర్చీ వెనకే నిలబడడం మొదలుపెట్టాడు. ఇంట్లో భోజనాల దగ్గర అమ్మ కూడా అదే పాట.

"చిన్నది చేసిన పేజీ మీ మావయ్య చూపించాడు. ఎంత ముద్దుగా ఉందో."

"వెనకదంతా నేనే చేశానమ్మా."

"వెనకేముంటుందే?"

అక్క సగం అన్నం వదిలేసి లేచింది.

ఇంతలో ఒక పళ్ళ డాక్టరమ్మ తన క్లినిక్కుకు అపాయింట్‌మెంట్లు ఇచ్చే సైటు కావాలంది. నమూనా నచ్చితేనే పని ఇస్తానంది. ఆమె వచ్చే రోజు పొద్దున చెల్లెలు కొత్త చెప్పులు టకటకలాడించుకుంటూ తిరుగుతోంది. "ఇవాళ మన చిన్నదే చూపిస్తుంది" అన్నాడు మావయ్య.

అక్క లేచింది. వెళ్ళి తన కోడు తెరిచింది. పేషెంట్ల జాబితాను ఏ పేరుతో పేజీకి పంపాలో అక్కాచెల్లెళ్ళు ముందే అనుకున్నారు. ఆ పేరు తీసేసి వేరే పేరు పెట్టింది. ఇక పేజీకి జాబితా దొరకదు. ఖాళీగా కనబడుతుంది. చెల్లెలు నీళ్ళు నములుతుంది. అంతకుమించి ఆలోచించలేదు.

డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. పేజీ తెరుచుకుంది. ఖాళీగా లేదు.

పది గంటలకు ముంగి. పదిన్నరకు నత్త. పదకొండుకు బండరాయి.

ముంగి అంటే అక్కే. నోరు విప్పదని చిన్నప్పుడు చెల్లెలు పెట్టిన పేరు. వెనకనుంచి డేటా రాకపోతే ఉత్తుత్తి పేర్లు చూపించేలా చెల్లెలు పేజీలో రాసుకుంది. ఆ ఫోల్డరు తెరవడమే నామోషీ అనుకున్న అక్కకు ఆ సంగతెలా తెలుస్తుంది?

డాక్టరమ్మ తన పేరు కొట్టి బటన్ నొక్కింది. ఏమీ మారలేదు. మళ్ళీ నొక్కింది.

"ఎవరండీ ఈ ముంగి? కుర్చీ వదిలేలా లేదు."

మావయ్య నవ్వబోయి ఆగాడు.

"అంటే ఇది ఒట్టి బొమ్మేనా? వెనకేమీ లేదా?" అంటూ డాక్టరమ్మ సంచి ఒళ్ళోకి లాక్కుంది.

మళ్ళీ అదే మాట. చెల్లెలి పరువు తీద్దామనుకుంటే, లేదనిపించుకున్నది తన పనే.

చెల్లెలు చటుక్కున ముందుకొచ్చింది. "నా పొరపాటేనండీ. ఈ పేర్లు తీసెయ్యడం మర్చిపోయాను" అంది.

"ఒక్క నిమిషం కూర్చోండి" అంది అక్క. బయటివాళ్ళ ముందు ఆమె నోరు విప్పడం అదే మొదలు. మావయ్య తిరిగి చూశాడు. ఆమె తన కంప్యూటరు దగ్గరికెళ్ళి పాత పేరు మళ్ళీ పెట్టి వచ్చింది. పేజీ తిరిగి తెరిస్తే డాక్టరమ్మ పేరు వరసగా రెండుసార్లు ఉంది.

"రెండుసార్లు నొక్కారు గదండీ. వెనకున్న కోడు రెండూ దాచిపెట్టింది" అంది అక్క.

డాక్టరమ్మ సంచి కింద పెట్టింది. "అయితే రెండోది ఆ ముంగికిచ్చెయ్యండి, పాపం" అంది. వెళ్ళేముందు సైటు పని వాళ్ళకే ఇస్తానని చెప్పింది.

ఆమెను సాగనంపడానికి మావయ్య బయటికెళ్ళాక చెల్లెలు కుర్చీ తిప్పింది.

"జాబితా పేరు నువ్వే మార్చావ్ కదే?"

"ఊఁ."

"ఎందుకు?"

"అందరూ నీ వెనకే నిలబడుతున్నారు."

"నాకు ఒళ్ళు మండిపోతోంది. కాసేపు నాతో మాట్లాడకు" అంది చెల్లెలు. అటు తిరిగి తన ఫోల్డరు తెరిచి ముంగినీ, నత్తనీ, బండరాయినీ తీసిపారేసింది. "ఇకనుంచి నువ్వు పంపకపోతే నా పేజీ ఖాళీ. సరేనా?"

అక్క నిజమో కాదో చూద్దామని డేటా పంపడం ఆపింది. చెల్లెలి రంగులున్నాయి, బటన్లున్నాయి, నడిమధ్యలో మాత్రం ఏమీ లేదు. చాలా రోజుల తర్వాత ఆమెకు కడుపు నిండినట్టయింది.

"చూసింది చాల్లే, ఇక పంపు" అంది చెల్లెలు.

"పంపుతాలే" అంది అక్క, ఇంకాసేపు దాన్నే చూస్తూ.