గళ్ళకోటు పీరియడ్లు

ముప్ఫై రెండేళ్ళు ప్రభుత్వ పాఠశాలలో సైన్సు చెప్పి రిటైరైన మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుందో మా ఆయన్ని అడగాలి. నాలుగు నెలలు ఓపిక పట్టాడు. నేను వంటింటి డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించి, ఆయన మందుల వేళకు స్టీలు గ్లాసు మీద గరిటెతో కొట్టడం మొదలుపెట్టాక, విదేశాలకు వాలంటీరు టీచర్లను పంపే సంస్థ ప్రకటనను పేపర్లోంచి ఆయనే కత్తిరించి నా ముందు పెట్టాడు.

"రెండేళ్ళు. జీతం ఉండదు, గదీ తిండీ వాళ్ళే చూస్తారు. వెళ్ళి వాళ్ళని ఉద్ధరించు," అన్నాడు.

ఆయన వేళాకోళానికి అన్నాడు. నేను నిజంగానే ఉద్ధరించడానికి బయల్దేరాను.

ఆ రెండేళ్ళూ ఇంకో నాలుగు రోజుల్లో అయిపోతాయనగా, ఒక సోమవారం పొద్దున, నేను వెలగబెట్టిన ఘనకార్యం ఏమిటో నాకు తెలిసింది.

స్టాఫ్‌రూములో అప్పుడు నేనూ లెక్కల మాస్టారూ తప్ప ఎవరూ లేరు. యాభై దాటిన ఆ పెద్దమనిషి మా భాషలోంచి 'అక్కగారూ' అన్న ఒక్క మాటను ఏరుకుని, మిగతాదంతా వాళ్ళ భాషలోనే లాగించేవాడు. వాళ్ళ భాష నాకు కూడా బాగానే పట్టుబడింది, పిల్లలను దంచి వదిలిపెట్టేటంత. ఆయన కాపీలు దిద్దుకుంటున్నాడు. నేను గోడ మీది టైంటేబులు అట్ట ముందు నిలబడి, నా పసుపు కాగితం ముక్కలను ఒక్కొక్కటే ఊడదీసి గుండుసూదులను డబ్బాలో వేస్తున్నాను. ఆ బడిలో ఒక్కో టీచరుకు ఒక్కో రంగు. నాది పసుపు. గళ్ళకోటుది నీలం.

గళ్ళకోటు అంటే నేను కాక ఆ బడిలో ఉన్న ఇంకో సైన్సు టీచరు. ముప్ఫై మూడేళ్ళుంటాయి. చలికీ ఎండకీ ఒకటే గళ్ళ కోటు వేసుకొస్తోందని వచ్చిన వారంలోనే నేను పెట్టిన పేరది. అడిగితే తప్ప మాట్లాడదు. కూతురు అదే బడిలో రెండో తరగతి.

"నేను రాకముందు ఆ అమ్మాయికి వారానికి ఇరవై రెండు పీరియడ్లు," అన్నాను, గోడకేసి తిరిగే. "ఇప్పుడు తొమ్మిది. రెండేళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకుంది. నేను వెళ్ళాక మళ్ళీ దాని పాట్లు మొదలు, పాపం."

వెనక ఎర్ర కలం బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"అక్కగారూ, మీకెవరూ చెప్పలేదా?"

"ఏమని?"

"ఇక్కడ మాకు నెల జీతం లేదండీ. చెప్పిన పీరియడుకే డబ్బులు. వారానికి పదికన్నా తగ్గితే మరుసటేడు జాబితాలో పేరు కూడా ఉండదు. ఆ జాబితా పోయిన వారమే పై ఆఫీసుకి వెళ్ళింది. ఆమె పేరు లేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. చేతిలో గుండుసూది గుచ్చుకున్నది కూడా తర్వాతెప్పుడో చూసుకున్నాను.

నేను పనిచేసిన చోట లీజరు పీరియడంటే అందరికీ ప్రాణం. నెల తిరిగేసరికి జీతం ఎలాగూ వస్తుంది, అందులోంచి ఒక క్లాసు తప్పిందంటే ఆ రోజు పండగే. ఎవరైనా రాకపోతే వాళ్ళ క్లాసులు పంచడానికి హెడ్మాస్టరు రిజిస్టరు పట్టుకుని వస్తున్నాడని తెలిసి, లేబొరేటరీ బీరువా వెనక నక్కిన తెలుగు మాస్టారిని నేనెరుగుదును. 'మీ క్లాసు నేను తీసుకుంటానులెండి' అన్న మనిషికి మేం టీలు ఇప్పించేవాళ్ళం, కూతురి పెళ్ళికి మొదటి శుభలేఖ ఇచ్చేవాళ్ళం. తోటి టీచరుకు అంతకన్నా మంచి చేయొచ్చని నాకు తెలీదు.

అందుకే ఇక్కడికొచ్చిన మొదటి నెలలో, గళ్ళకోటు గొంతు బొంగురుపోయి దగ్గుతుంటే, "నీ ఎనిమిదో తరగతి నేను చెప్తాలే, నువ్వు కూర్చో," అన్నాను.

"వద్దండీ, నేను చెప్పుకుంటాను," అంది.

మొహమాటం అనుకున్నాను. వడ్డిస్తుంటే చాలు చాలంటూ విస్తరి మీంచి చెయ్యి తీసేసేవాళ్ళను ఎంతమందిని చూడలేదు! మళ్ళీ అడిగాను. మళ్ళీ వద్దంది. ఇక అడగలేదు, సుద్దముక్క లాక్కుని క్లాసుకు వెళ్ళిపోయాను. హెడ్మాస్టరు ఆ సాయంత్రమే నీలం ముక్క తీసి పసుపు ముక్క గుచ్చాడు. ఆ తర్వాత తొమ్మిదో తరగతి, ఆ తర్వాత ఏడో తరగతి. ఊరికే కూర్చుంటే నాకు కాళ్ళు లాగుతాయి. పైగా నా పాఠమంటే నాకు మహా ఇష్టం. అది కూడా ఒప్పుకోవాలి ఇప్పుడు. పీరియడు తీసుకున్న ప్రతిసారీ ఆ అమ్మాయి థాంక్స్ చెప్తుందని చూసేదాన్ని. చెప్పేది కాదు. మొండిఘటం, విశ్వాసం లేదు అని మా ఆయనతో ఫోన్లో అన్నాను కూడా.

ఆ అమ్మాయికి మిగిలిన పదింట్లోంచి ఇంకొకటి తీసుకున్నది రెండు నెలల క్రితం. శుక్రవారం ఆఖరి గంట, ఎనిమిదో తరగతి ప్రయోగాల క్లాసు. "వారమంతా అలిసిపోయి ఉంటావు, పిల్లని తీసుకుని పెందలాడే ఇంటికెళ్ళు తల్లీ," అన్నాను. ఆ రోజు వద్దని కూడా అనలేదు. టైంటేబులు అట్టకేసి కాసేపు చూసి, కోటు గుండీలు పెట్టుకుని వెళ్ళిపోయింది. దారికొచ్చిందని సంతోషించాను నేను.

లెక్కల మాస్టారి మాట వినగానే కాగితం ముక్కలు అక్కడే వదిలేసి హెడ్మాస్టరు గదికి పరిగెత్తాను. ఆయన మర్యాదస్తుడు, నేను గుమ్మంలో కనిపిస్తే లేచి నిలబడతాడు.

"ఈ పీరియడ్ల సంగతి నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"మీరే అడిగి తీసుకున్నారు కదండీ. జీతం లేని టీచరు చెప్తానంటుంటే, డబ్బిచ్చి ఇంకొకరితో ఎందుకు చెప్పిస్తున్నావని పై వాళ్ళు నన్ను అడగరా?"

"సరే, నేను వెళ్ళిపోతున్నాను. నావన్నీ ఆ అమ్మాయికి ఇచ్చెయ్యండి."

ఆయన ఇబ్బందిగా ఫైలు తెరిచి నా వైపు తిప్పాడు. "మీ తర్వాత ఇంకో వాలంటీరు వస్తున్నారండీ. మీరే రాశారు."

నా చేతిరాతే. 'ఈ పాఠశాలకు మరొక వాలంటీరు అత్యవసరం.' అత్యవసరం కింద రెండు గీతలు.

అక్కడే నిలబడి సంస్థ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇంకెవరినీ పంపొద్దన్నాను. అవతల అమ్మాయి తియ్యగా నవ్వింది. "మీ రిపోర్టు చదివే మేడమ్, ఆ బడికి అందరికన్నా ముందు మనిషిని ఖాయం చేశాం. టికెట్టు కూడా అయిపోయింది. ఆవిడ అక్కడ సర్దుకోగలదా అని మీకు బెంగ, అంతేగా? సర్దుకుంటుంది లెండి." ఎంత మొత్తుకున్నా ఆ అమ్మాయి చెవికెక్కలేదు. నా చెవికి మాత్రం రెండేళ్ళలో ఏం ఎక్కింది గనక?

వెంటనే వెళ్ళి గళ్ళకోటుతో మాట్లాడాల్సింది. మాట్లాడలేదు. మొహం చెల్లక మంగళ, బుధవారాలు తప్పించుకు తిరిగాను. తను కుడివైపు నుంచి వస్తుంటే నేను ఎడమవైపు మెట్లెక్కాను. ముప్ఫై రెండేళ్ళలో ఏ ఇనస్పెక్టరుకూ భయపడని దాన్ని, నోట్లో నాలుక లేని ఆ పిల్లకు భయపడ్డాను.

గురువారం మధ్యాహ్నం నాకు వీడ్కోలు సభ పెట్టారు. స్టాఫ్‌రూములో నాలుగు బల్లలు కలిపి దుప్పటి పరిచారు. టీ, బిస్కెట్లు, అందరూ కలిసి కొన్న ఉన్ని శాలువా. లెక్కల మాస్టారు లేచి, "అక్కగారు వచ్చాక బెల్లు కొట్టే మనిషి వాచీ కొనుక్కున్నాడు," అంటే అందరూ పగలబడి నవ్వారు. హెడ్మాస్టరు, పైసా ఖర్చు లేకుండా ఈ బడికి ఇంత సేవ ఇంకెవరూ చేయలేదన్నాడు. అందరితో పాటు గళ్ళకోటు కూడా చప్పట్లు కొట్టింది. శాలువా నా భుజాల మీద మంటలా ఉంది.

నువ్వూ రెండు మాటలు చెప్పమని ఆమెను లేపారు.

"పెద్ద టీచరుగారు రెండేళ్ళలో ఒక్క పీరియడుకు కూడా ఆలస్యంగా రాలేదు," అని కూర్చుంది.

నా వంతు వచ్చింది. అందరి ముందూ ఒప్పుకోవాలని రాత్రంతా మాటలు కూర్చుకున్నాను. తీరా లేచి నిలబడి, "మిమ్మల్నెవరినీ మర్చిపోను," అని చెప్పి కూర్చున్నాను. ఎంత పిరికిదాన్నో ఆ రోజు తెలిసింది.

అందరూ వెళ్ళాక వరండా చివర కుళాయి దగ్గర గళ్ళకోటు కప్పులు కడుగుతోంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"అమ్మాయ్, పీరియడుకింత అని ఇస్తారని నాకు తెలీదే."

"మీకు తెలీదని నాకు తెలుసండీ. తెలిసి చేసే మనిషి కాదు మీరు." ఒక కప్పు బోర్లించింది. "కానీ వద్దన్నాను కదా. మీ దగ్గర ఎన్నిసార్లంటే వద్దన్నట్టు?"

"నన్ను తిట్టవే. నాలుగు మాటలు అను," అన్నాను.

"తిడితే మీకు తేలికైపోతుంది," అంది. కోపంగా కూడా అనలేదు. చేతులు కోటుకు తుడుచుకుని, "నాకో ఉత్తరం రాసిస్తారా? రెండు గంటల ప్రయాణం అవతల ఒక బడిలో సైన్సు ఖాళీ ఉందట. పాపను కూడా ఈ బడి మాన్పించి తీసుకెళ్ళాలి. బయటి దేశం టీచరు రాసిందంటే పట్టించుకుంటారు. నేను పాఠం ఎలా చెప్తానో రాయండి, చాలు," అంది.

"అయ్యో, ఎంత పని! ఇప్పుడే రాస్తా," అన్నాను.

గదికెళ్ళి కాగితం తీశాను. ఇలాంటివి వందలు రాశాను నేను. 'ఈమె బోధన' అని రాసి ఆగిపోయాను. ఈమె బోధన ఎలా ఉంటుంది? తను పాఠం చెప్తుంటే గుమ్మంలో నిలబడి కూడా నేనెప్పుడూ వినలేదు. ఆ అమ్మాయి పీరియడ్లు పదమూడు తీసుకున్నాను గానీ, ఒక్కదానిలోనూ ఆమెను చూడలేదు. ఆ కాగితం ముందు కూర్చుని ఏడ్చాను.

మర్నాడు శుక్రవారం. సెలవులకు ముందు ఆఖరి రోజు, నాకు బడిలోనే ఆఖరి రోజు. ఆఖరి గంట ఎనిమిదో తరగతి ప్రయోగాల క్లాసు. తన దగ్గరికి వెళ్ళి, "ఈ పీరియడు నువ్వు చెప్పు, నేను వెనక కూర్చుని చూసి ఉత్తరం రాస్తాను, హెడ్మాస్టరు సంగతి నేను చూసు..." అంటూనే నాలుక కరుచుకున్నాను. "చెప్తావా? వద్దంటే వద్దు," అని నోరు మూసుకుని నిలబడ్డాను.

"చెప్తాను," అంది.

కాంతి వక్రీభవనం పాఠం. నేనైతే బోర్డు మీద నాలుగు గీతలు గీసి, పది నిమిషాల్లో నోట్సు చెప్పేసేదాన్ని. తను బల్ల మీద ఒక లోతు గిన్నె పెట్టి, అడుగున ఎర్ర గుండీ వేసింది. గుండీ కనపడనంత దూరం వెనక్కి జరిగి నిలబడమంది పిల్లలను. నిలబడ్డారు. గిన్నెలో మెల్లగా నీళ్ళు పోసింది. "కనిపిస్తోంది!" అని ఎవరో కెవ్వుమన్నారు. గది గదంతా కేకలు.

"గుండీ లేచిందా? ఎవరు లేపారు?" అంది తను.

ఎవరూ మాట్లాడలేదు. తనూ మాట్లాడలేదు. ఊరికే చూస్తూ నిలబడింది. జవాబు చెప్పేయాలని నాకు నోరు దురదపెట్టింది, పెదవి కొరుక్కుని కూర్చున్నాను. చివరి బెంచీ దగ్గర నిలబడ్డ రెండు జడల పిల్ల, రెండేళ్ళలో నా క్లాసులో ఒక్కసారి నోరు విప్పనిది, చెయ్యెత్తింది. "గుండీ అక్కడే ఉంది టీచర్. నీళ్ళలోంచి వస్తూ వెలుగు వంగింది."

రాబోయే వాలంటీరు కోసం పిల్లల గురించి నేను రాసి పెట్టిన కాగితాల్లో ఆ పిల్ల పేరెదురుగా 'మొద్దు' అని ఉంది.

బెంచీ మీదే ఉత్తరం రాశాను, నాలుగు పేజీలు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అంత మంచి ఉత్తరం ఎవరికీ రాయలేదు నేను. పేజీ నిండుతున్న కొద్దీ నా తప్పు ఎంతదో ఇంకా బాగా తెలుస్తూ వచ్చింది.

బెల్లు కొట్టారు. పిల్లలెవరూ బయటికి పరిగెత్తలేదు, తన చుట్టూ మూగారు.

"పెద్ద టీచరు వెళ్ళిపోతున్నారు కదా. సెలవుల తర్వాత మళ్ళీ మీరేగా టీచర్?" అంది రెండు జడల పిల్ల.

"లేదమ్మా. ఇంకో టీచరు వస్తారు."

"మీరెందుకు రారు?"

తను గిన్నెలో నీళ్ళు బకెట్లోకి వంచుతోంది. నా వైపు చూడలేదు, నా పేరు చెప్పలేదు. చెప్పదని నాకు అప్పటికి తెలుసు. నేను లేచి ముందుకొచ్చాను.

"ఆవిడ పీరియడ్లన్నీ నేను తీసేసుకున్నానమ్మా. అందుకని ఆవిడకి ఇక్కడ పని లేకుండా పోయింది. తప్పు నాది," అన్నాను. నిన్న పెద్దవాళ్ళ ముందు రాని మాటలు పిల్లల ముందు వచ్చాయి.

వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. రెండు జడల పిల్ల మాత్రం నన్నే చూసింది.

"అయితే తిరిగి ఇచ్చెయ్యండి టీచర్," అంది.

"ఇప్పుడు నా దగ్గర లేవమ్మా," అన్నాను.

ఆ పిల్ల నన్ను నమ్మలేదు.