ఎరుపు లేని తెర

గంటలో తేలిపోయే పని అనుకుని వచ్చాడు మరిది. పొద్దున వచ్చినవాడు మధ్యాహ్నం భోజనం కూడా ఆ ఇంట్లోనే చేయాల్సి వచ్చింది. పని మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

అతనికి బజారులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. వదిన జాతకాలు చూస్తుంది. తెర మీద పన్నెండు గళ్ళు పెట్టుకుని వాటిలోకి చూస్తూ మాట్లాడుతుంది కాబట్టి వీధిలో ఆమెను గళ్ళమ్మ అంటారు. మరిదికి జాతకాల మీద నమ్మకం లేదు. ఆ మాట వదిన ముఖం మీదే అంటాడు. ఆమె ఏమీ అనుకోదు. "నమ్మకం నా దగ్గరుందిలే, నువ్వు స్క్రూడ్రైవరు తెచ్చుకో చాలు" అంటుంది.

పాత కంప్యూటరు మొన్న పొగ కక్కి కన్నుమూసింది. దాంతోపాటే అందులోని పాత జాతకాల ప్రోగ్రామూ పోయింది. కొత్త పెట్టెకు కొత్త ప్రోగ్రామే కావాలన్నారు. కొన్నారు. పంచాంగం ముందేసుకుని చేత్తో లెక్క కట్టుకుందామా అంటే ఆమె కళ్ళు అందుకు పనికిరావు. శుక్లాలు తీసి అద్దాలు పెట్టారు గానీ, చీమ తలకాయంత అంకెలు చదివే చూపు మళ్ళీ రాలేదు. తెర కుదిరితేనే ఆమెకు పని. కుదరకపోతే లేదు.

"సాయంత్రం ఒకావిడ వస్తుంది మరిదీ" అంది వదిన పొద్దున్నే. "అప్పటికి ఇది నేను చెప్పినట్టు అయిందా, సరే. కాలేదా, ఆవిడకో దణ్ణం పెట్టి పంపేసి బయట బోర్డు దించేస్తాను."

"ఒక్కరోజుకే బోర్డు దించేస్తావా?"

"తెర సరిగ్గా లేక నోట తప్పుమాట రావడానికి ఒక్కరోజు చాలదూ? దించేస్తాను."

అందంటే అందే. ఆమె కాపురానికి వచ్చేనాటికి అతను నిక్కరు వేసుకుని తిరుగుతున్నాడు. అప్పటినుంచీ చూస్తున్నాడు. ఆ నోట ఒక మాట వచ్చి వెనక్కి పోవడం ఎన్నడూ ఎరగడు.

ముందు గళ్ళ దగ్గర వచ్చింది పేచీ. కొత్త తెర వెడల్పుది. గళ్ళన్నీ అడ్డంగా సాగి కూర్చున్నాయి.

"ఇదేంటి, తలగడల్లా ఉన్నాయి?" అంది వదిన.

"కనపడుతున్నాయిగా వదినా. పెద్దగానే ఉన్నాయి."

"పెద్దవి అడగలేదు. నలుచదరంగా అడిగాను. అక్కడ తొమ్మిదిమంది కాపురం ఉంటారు. అందరికీ ఒకే కొలత ఇల్లు ఉండాలి. ఇల్లు పెద్దదైతే అందులో ఉన్నవాడూ పెద్దవాడిలా కనపడతాడు. కన్ను మోసపోతే నోరు కూడా మోసపోతుంది."

మరిది నవ్వుకుంటూ తెరకు తగ్గ కొలత పెట్టాడు. గళ్ళు సర్దుకున్నాయి. ఆమె బొటనవేలూ చూపుడువేలూ చాపి, తెర మీద ఒక్కో గడీ అడ్డంగా, నిలువుగా కొలిచింది. కొలిచి తలూపింది. గుడ్డ కొనే మనిషి కూడా అంత జాగ్రత్తగా కొలవదు.

తర్వాత అక్షరాలు. అతను వాటిని పెంచితే కింది వరుస గళ్ళు తెర దాటి కిందికి జారిపోయాయి. తగ్గిస్తే ఆమెకు కనపడవు. ఆలోచించి ఆలోచించి, తెరను కాడ మీద తిప్పి నిలువుగా నిలబెట్టాడు. సెట్టింగుల్లోనూ నిలువు చేశాడు. పైన గళ్ళు పట్టాయి, కింద గ్రహాల పట్టీ పట్టింది. వదిన ముఖం విప్పారింది.

"నిలబడి ఉంది మహాతల్లి. మీ అన్నయ్య ఎప్పుడూ పడుకునే ఉంటాడు, ఈ ఇంట్లో ఇదైనా నిలబడింది." లోపలి గదిలోంచి అన్నయ్య గురక ఆ మాటకు జవాబు చెప్పింది.

పట్టీలో ప్రతి గ్రహం పక్కనా డిగ్రీలు, నిమిషాలు, ఆ పక్కన సెకన్లు కూడా ఉన్నాయి. సెకన్లు తీసెయ్యమంది.

"అదేంటి వదినా, ఎంత వివరంగా ఉంటే అంత మంచిది కదా?"

"ఎవరికి మంచిది? ఎప్పుడు పుట్టావమ్మా అంటే, పాలవాడు వచ్చి వెళ్ళాక అంటారు. దీపాలు పెట్టే వేళ అంటారు. తల్లి నొప్పుల్లో ఉండి గుర్తుపెట్టుకున్న టైము అది. దాని మీద సెకన్ల దాకా లెక్క చూపిస్తే, చూసేవాళ్ళు ఇదంతా అంత కచ్చితమేమో అనుకుంటారు. నాకు తెలియనిది తెలిసినట్టు నా బల్ల మీద ఎందుకు ఉండాలి?"

మరిది చేతిలోని మౌస్ ఒక్క క్షణం ఆగింది. ఈ మాట అతను వదిన నోట వింటాననుకోలేదు. సెకన్లు తీసేశాడు.

రాహువు దగ్గర ఇంకో మెలిక. ప్రోగ్రాములో రెండు రకాల రాహువులున్నారు, సగటు నడకతో లెక్కకట్టినవాడొకడు, అసలు నడకతో లెక్కకట్టినవాడొకడు. కొత్త ప్రోగ్రాము అసలువాణ్ణి తెచ్చి కూర్చోబెట్టింది. వదిన సగటువాణ్ణే పెట్టమంది.

"అసలు ఉండగా సగటు ఎందుకు?"

"వాడు గొప్పా వీడు గొప్పా అని కాదు. ఇన్నేళ్ళూ నేను చూసినవన్నీ సగటువాడితో చూసినవే. ఒక గజంబద్దతో ఊరంతా కొలిచి, ఇవాళ బద్ద మారిస్తే, నిన్న కొలిచినవాళ్ళ గతేంటి? వాళ్ళు మళ్ళీ వస్తారు. వచ్చి, అప్పుడలా చెప్పావు ఇప్పుడిలా అంటున్నావేంటని అడుగుతారు."

మరిది సగటు రాహువుకు టిక్కు పెట్టాడు. ఇంతవరకూ సవ్యంగానే సాగింది. రంగుల దగ్గర బండి దిగబడింది.

కొత్త ప్రోగ్రాము మంచి గ్రహాలను పచ్చగానూ చెడ్డవాటిని ఎర్రగానూ చూపిస్తుంది. చెడ్డ చోట పడిన చెడ్డ గ్రహమైతే గడి మొత్తం ఎరుపే. వదినకు అది వద్దు. అందరూ ఒకే రంగులో ఉండాలి. పాతదాంట్లో అలాగే ఉండేది.

మరిది వెతికాడు. పైన వెతికాడు, లోపల వెతికాడు. రంగులు మార్చే వీలు ఎక్కడా లేదు. అప్పటికే నడుము లాగేస్తోంది.

"వదినా, రంగులదేముంది? అలవాటైపోతుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఎలా?"

వదిన చేత్తో ఎదురు కుర్చీ చూపించింది. "నువ్వటు వచ్చినవాళ్ళ కుర్చీలో కూర్చో. అక్షరాలు అక్కడికి ఎలా కనపడుతున్నాయో చెప్పు" అంది. అతను వెళ్ళి కూర్చున్నాడు. ఆమె ఏదో కొట్టింది. గళ్ళు విచ్చుకున్నాయి. పైన పేరు లేదు, పుట్టిన తేదీ ఉంది. అది తనదే. కుడివైపు మూల గడి నెత్తురు పూసినట్టు ఎర్రగా ఉంది.

మరిది కుర్చీ అంచుకు జరిగాడు.

"అదేంటి వదినా, ఎర్రగా?"

"ఏది?"

"అదే, ఆ మూల."

"శని."

"అక్కడుంటే ఏమవుతుంది?"

"నీకు నమ్మకం లేదుగా?"

"లేదు. లేదుగానీ, ఏమవుతుంది?"

వదిన పకపకా నవ్వింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "కష్టపడితేగానీ ముద్ద దిగదని. అది నీ నడుముని అడిగితే చెప్పదూ!"

అతనూ నవ్వాడు. నవ్వాడే గానీ కళ్ళు మళ్ళీ ఆ మూలకే పోయాయి.  లేచి మంచినీళ్ళు తాగాడు. నమ్మనివాడి సంగతే ఇలా ఉంటే, నమ్మి, రాత్రంతా నిద్రలేక, పొద్దున్నే తలుపు కొట్టి ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళ సంగతేమిటి? వదిన ఇంకా నోరు విప్పకముందే ఆ తెర కూసేస్తుంది. తర్వాత ఆమె ఎన్ని మంచి మాటలు చెప్పినా, అవన్నీ ఓదార్పు మాటల్లాగే వినపడతాయి.

"తెర నీవైపు తిప్పేసుకుంటే పోలా?" అన్నాడు. ఈసారి గొంతులో విసుగు లేదు.

"అదీ అనుకున్నా. డాక్టరు నీ కాయితం చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడనుకో. నీకెలా ఉంటుంది? దాచి చూస్తే ఇంకా భయపడతారు నాయనా. నేను చూసేది వాళ్ళకూ కనపడాలి. అది మంచో చెడో మాత్రం నా నోటితోనే వినాలి."

మరిది చొక్కా చేతులు పైకి మడిచాడు. కంప్యూటరు సెట్టింగుల్లో తెర మొత్తాన్ని నలుపు తెలుపు చేసే ఫిల్టరు ఉంటుంది. అది వేశాడు. రంగులన్నీ పోయి బూడిద మిగిలింది. హమ్మయ్య అనుకునేలోపు వదిన ముందుకు వంగింది.

"శని ఇంకా మిగతావాళ్ళకన్నా నల్లగానే ఉన్నాడు, చూడు. ఆ గడీ మసకగా ఉంది. రెండుసార్లు వచ్చినవాళ్ళు పట్టేస్తారు."

నిజమే. ఎరుపు ముదురు బూడిద అయింది, పచ్చ లేత బూడిద అయింది. ఆ చూపుకు పంచాంగం అంకెలు ఆనవు గానీ ఇది ఆనింది. మరిది ఫోను తీసి ప్రోగ్రాము అమ్మిన కంపెనీకి చేశాడు. ఒకమ్మాయి ఎత్తింది.

"రంగులు తీసేయాలమ్మా."

"తీయడానికి ఉండదు సార్. అదే మా స్పెషాలిటీ సార్. కస్టమరుకి చూడగానే అర్థమైపోతుంది."

"అదేనమ్మా మాకొచ్చిన చిక్కు. చూడగానే అర్థమైపోతోంది."

అమ్మాయికి అర్థం కాలేదు. మామూలుగా అయితే మరిది నాలుగు మాటలు మాట్లాడి ఫోను పెట్టేసే మనిషి. ఆవేళ మాత్రం కూర్చుని చెప్పాడు. గడి చదరంగా ఎందుకుండాలో చెప్పాడు. సెకన్లు ఎందుకు అబద్ధమో, రాహువు ఎందుకు మారకూడదో చెప్పాడు. జాతకం చూసే మనిషికీ చూపించుకునే మనిషికీ మధ్యలో తెర దూరి ఎందుకు మాట్లాడకూడదో చెప్పాడు. చెబుతున్నకొద్దీ, పొద్దుటినుంచీ తను పేచీలనుకున్నవన్నీ ఒకే మాట అని అతనికే తోచింది. మనిషిని భయపెట్టకూడదు, లేనిది చెప్పకూడదు. అంతే. తన కొట్టుకు వచ్చేవాళ్ళతో తను ఏనాడైనా అంత ఒళ్ళు దగ్గరపెట్టుకుని మాట్లాడాడా? మదర్‌బోర్డు కాలిపోయిందని ఎంతమంది ముఖాన చటుక్కున అనేయలేదు!

వదిన గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. అతను చూడలేదు.

 అమ్మాయి గొంతు తగ్గించి, "సార్, ఒకటి చెప్పనా? కాంట్రాస్ట్ థీమ్ అని ఉంటుంది చూడండి, చూపు తక్కువున్నవాళ్ళు పెట్టుకుంటారు. అది పెడితే మా రంగులు అసలు పనిచేయవు సార్. అక్షరాలన్నీ ఒకే రంగులోకి వచ్చేస్తాయి. అందరూ కంప్లయింట్ ఇస్తున్నారు. అది మా తప్పే సార్, వచ్చే అప్‌డేట్‌లో సరిచేసేస్తాం" అంది.

"సరిచేయకు తల్లీ!" అని కేకేశాడు మరిది. లోపల అన్నయ్య గురక ఆగిపోయింది. "మీ తప్పు చల్లగా ఉండాలి. దాన్నలాగే ఉంచండి."

అమ్మాయి నవ్వేసింది. "మా వాళ్ళు ఉంచరు సార్. మీరే అప్‌డేట్ ఆపేసుకోండి."

ఆపేశాడు. థీమ్ పెట్టాడు. తెర చటుక్కున నల్లబడి, అక్షరాలు తెల్లగా మెరిశాయి. శని, గురువు, రాహువు, చంద్రుడు, అందరూ ఒకే బట్ట కట్టుకుని కూర్చున్నారు. మూల గడి కూడా మిగతావాటిలాంటి గడే.

వదిన కళ్ళు చికిలించింది. "మెరుపు గుచ్చుతోంది."

అతను నలుపును పలక రంగు చేశాడు. తెలుపును పాలమీగడ రంగుకు తగ్గించాడు. వెలుతురు కొంచెం కొంచెం తగ్గిస్తూ ఆమె ముఖం చూస్తూ పోయాడు. నొసటి ముడతలు విడిపోయిన చోట ఆపాడు. తెరకేసి చూస్తే తెలియనిది, ముఖం చూస్తే తెలిసింది.

"ఇదీ" అంది వదిన. 

సాయంత్రం వస్తానన్నావిడ వచ్చింది. బట్టలు కుట్టే మనిషి. మెడలో కొలత టేపు తీయడం కూడా మరిచి వచ్చింది. మరిది బల్ల కింద కూర్చుని తీగలు సర్దుతున్నాడు. ఆవిడ కుర్చీలో కూర్చోకముందే తెరవైపు చూసింది. ఆ చూపు ఎలా ఉంటుందో మధ్యాహ్నం నుంచీ మరిదికి తెలుసు.

"అమ్మా, సొంతంగా కొట్టు పెట్టుకుందామని గది మాట్లాడుకున్నా. వేరేచోట చూపించుకుంటే తెరంతా ఎర్రగా వచ్చింది. ఆయన చెప్పిందేదీ నా చెవికెక్కలేదు. ఆ ఎరుపే కళ్ళలో ఉండిపోయింది. గుడ్డ కోద్దామన్నా గీత మీద చూపు నిలవడం లేదు."

"కూర్చోమ్మా. ఎప్పుడు పుట్టావు?"

"వాన వెలిశాక అనేది మా అమ్మ. మధ్యాహ్నం రెండో, మూడో."

"అయితే రెండుకీ వేద్దాం, మూడుకీ వేద్దాం. రెండింట్లోనూ ఉన్నదే చెబుతాను. ఒకదాంట్లోనే ఉంటే, నాకు తెలియదని చెబుతాను."

గళ్ళు వచ్చాయి. కుట్టుపనావిడ తెరను పైనుంచి కిందికి వెతికింది. ఒక్కో మూలా చూసింది. పలక రంగు మీద మీగడ రంగు అక్షరాలు, అంతే. ఏ గడీ ఆమెను పిలవలేదు. భుజాలు కిందికి దిగాయి. చూపు తెర మీదినుంచి జారి వదిన ముఖం మీద ఆగింది. కుర్చీని కాస్త ముందుకు లాక్కుని, చెప్పండమ్మా అన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

వదిన తొందరపడలేదు. చాలాసేపు గళ్ళలోకి చూసింది. తనలో తాను ఏదో లెక్క వేసుకుంది. ఇక మాట వస్తుందనగా బల్ల కిందికి వంగింది.

"మరిదీ, తీగలు చాలుగానీ లే. ఇది ఆవిడ మాట. నువ్వు వినేది కాదు."

"ఒక్క స్క్రూ ఉంది వదినా..."

"స్క్రూ ఎక్కడికీ పోదు. లే."

మరిది లేచాడు. మోకాళ్ళు పట్టేశాయి. ఏం చెబుతుందో వినాలని ప్రాణం కొట్టుకుపోతోంది. నమ్మకం లేకపోతేనేం, ఆ మనిషి ఎలా చెబుతుందో వినాలని ఉంది. కానీ వదిన చెయ్యి తలుపుకేసి చూపిస్తోంది. బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

అరుగు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. టోపీ ఒళ్ళో పెట్టుకుని దాని అంచు నలుపుతున్నాడు. "లోపల ఎవరో ఉన్నట్టున్నారు. ఎంతసేపు పడుతుందండీ?" అని అడిగాడు.

"ఎంతసేపైనా పడుతుంది" అన్నాడు మరిది, పక్కన చోటు చేసుకుని కూర్చుంటూ. "ఆమె దగ్గర తొందరలు కుదరవు. నింపాదిగా కూర్చోండి."