చలికాలపు మూడు నెలలు

...ఆరువందల ఇరవై ఒకటి కలిపితే చాలని ఆ రోజు శరణార్థుల శిబిరంలో ఎవరు చెప్పారు? ఎవరు చెబితేనేం, కలిపింది తన చెయ్యి. గుల్‌బఖ్త్ వేడి టీ గ్లాసు చుట్టూ వేళ్లు బిగించింది. కాలుతున్నా వదల్లేదు.

డాండెనాంగ్ ఊళ్లో కుర్బాన్ రొట్టెల దుకాణం వెనక గది అది. పిండి బస్తాల మీద, బోర్లించిన ట్రేల మీద ప్రాణభయంతో తమ దేశం వదిలి వచ్చిన హజారా జాతివాళ్లు నలభై మంది కూర్చున్నారు. మాంసం ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన ఖాదిమ్ చేతిలో ఒక ఉత్తరం ఉంది. శరణు అడిగినందుకు వలసల ఆఫీసు పంపిన జవాబు: నువ్వు చెప్పింది అబద్ధం, దేశం వదిలి వెళ్లు.

"మా అన్నను బస్సులోంచి దించి కాల్చారు. నా కళ్లముందే," అన్నాడు ఖాదిమ్. "ఆ దాడి రెండువేల పన్నెండులో జరిగిందట. నా కాగితంలో పదకొండు అని ఉందట. అందుకని నాకసలు అన్నే లేడంటున్నారు!"

"తారీకు తెలియదంటే మనందరికీ జనవరి ఒకటే పుట్టినరోజని రాసిందెవరు? వాళ్లే కదరా!" ముసలి చమన్ కాకా మోకాలు చరిచాడు. "ఇంతమందిమి ఒక్కరోజే పుట్టామంటే నమ్మారు. మనవాళ్ల చావుల దగ్గరకొచ్చేసరికి లెక్కలు పుట్టుకొచ్చాయి!"

నవ్వు లేచింది, వెంటనే చచ్చిపోయింది.

ఉచిత న్యాయసహాయం చేసే లాయరు బ్రోన్విన్ ఫైళ్లు ముందు పరిచింది. "ఇలాంటి ఉత్తరాలు పదకొండు వచ్చాయి. అన్నిట్లో సరిగ్గా ఒక ఏడాదే తేడా. అన్నీ మీ చలికాలంలో జరిగినవే. ఎందుకో నాకు అంతుపట్టడం లేదు. మీలో ఎవరికైనా తెలుసా?"

ఆ మాటల్ని తమ భాషలోకి మార్చి చెప్పాల్సింది గుల్‌బఖ్తే. చెప్పింది. ఆ ప్రశ్న తననే అడిగినట్టు వినిపించింది.

"నాకు తెలుసు," అంది. "మన ఏడాది వసంతంతో మొదలవుతుంది. ఇక్కడివాళ్లది అంతకు దాదాపు మూడు నెలల ముందే మొదలవుతుంది. మన ఏడాదిని వాళ్ల ఏడాదిగా మార్చాలంటే, ఆ మూడు నెలల్లో జరిగినవాటికి ఆరువందల ఇరవై రెండు కలపాలి. నేను అన్నిటికీ ఆరువందల ఇరవై ఒకటే కలిపాను. మీ కాగితాలు నింపింది నేనే."

ఖాదిమ్ లేచాడు. "నువ్వు పిల్లలకు లెక్కలు చెప్పినదానివి కదా టీచరమ్మా! మా అన్నను రెండోసారి చంపావు!"

"కూర్చోరా!" కాకా గద్దించాడు. "ఆమె ఆఫీసులు ఊడ్చి వచ్చి, నడుం వాల్చకుండా నీ కాగితం రాసింది. అక్కడ అంతమంది జీతాలు తింటున్నారే, ఒక్కడైనా మన క్యాలెండర్ తెరిచాడా? ఒక్క మాట అడిగాడా? వాళ్లకు కావలసింది తప్పే. దొరికింది, పట్టుకున్నారు."

ఇదంతా ఇంగ్లీషులో చెప్పించుకుని బ్రోన్విన్ ఒక ఖాళీ అర్జీ బయటికి తీసింది. "ఒక్కొక్కరు వెళ్తే సాకు అంటారు. అందరూ ఒకే అర్జీ పెట్టి, తేదీల పట్టిక జతచేస్తే తోసెయ్యడం కష్టం. ఆ పట్టిక ప్రతి ఊళ్లోని సహాయ కేంద్రానికీ పంపుతాను. కానీ ఒకటి దాచను. వీసా వచ్చినవాళ్ల ఫైళ్లు కూడా తిరగదోడొచ్చు."

వీసా ఉన్నవాళ్లు నేల చూపులు చూశారు. గుల్‌బఖ్త్‌కూ వీసా ఉంది. ఆమె తమ్ముడు చనిపోయిందీ చలికాలంలోనే, తమ పదకొండో నెల దల్వ్‌లో. ఆ తేదీలోనూ ఇదే తప్పుంది, ఎవరూ సరిచూడలేదు. బడిలో ఏటా బోర్డు మీద పన్నెండు నెలలూ రాసిన తను ఆ మూడింటిని ఎలా మరిచింది? మరవలేదు. తమ్ముడు పోయిన నెల దగ్గరకొచ్చేసరికి మనసు పక్కకు తప్పుకునేది. ఇప్పుడు మళ్లీ తప్పుకుంటానంటోంది.

ఆమె రొట్టెల బల్ల మీద పిండి చల్లి, వేలితో పన్నెండు నెలలు రాసింది. చివరి మూడింటి చుట్టూ గీత గీసింది. జనం బల్ల చుట్టూ మూగారు. "నాది జదీ నెల!" "మా నాన్నది హూత్!" విధవరాలు సకీనా లెక్క చూసుకుని అరిచింది. "నాదీ తప్పే! ఒక్క లెక్క చూసుకోలేక ఆ ఆఫీసువాళ్లు మనల్ని దొంగల్ని చేశారా? పదండి, అందరం పోదాం!"

"పోదాం!" గది దద్దరిల్లింది.

"సరే, మొదటి పేరెవరిది?" ఖాదిమ్ అర్జీ ఎత్తి పట్టుకున్నాడు.

ముందుకు తోసుకొచ్చినవాళ్లు ఒకరి వెనక ఒకరు తప్పుకున్నారు.

గుల్‌బఖ్త్ పిండి చేతితోనే కలం అందుకుంది. మొదటి గీత మీద తన పేరు, ఫైలు నంబరు రాసింది. పక్కన తమ్ముడి పేరు, దల్వ్ నెల, ఏడాది. దానికి ఆరువందల ఇరవై రెండు కలిపింది.