కాగులో మోదుగపూలు

ఎల్లేశం భార్య రామమ్మ పోయినప్పుడు, ఆమె తమ్ముడు సైదులు దినాలకు రాలేదు. ఎవరిదో పెండ్లికి పోయాడు. ఆనాటి నుంచి ఎల్లేశం బామ్మర్దితో మాట్లాడలేదు. "వాని చేతి రంగు నా ఒంటి మీద పడనియ్య" అని ఊరందరి ముందు ఒట్టు పెట్టుకున్నాడు. సైదులు ఏటా హోళీకి రంగు బకెట్‌తో వస్తాడు. ఎల్లేశం ఏటా గడియ పెడతాడు.

ఈసారి ఇంట్లో కొత్త కోడలు ఉమారాణి ఉంది.

"మామా, హోళీ రంగుకు మోదుగపూలు గావాలె."

"దుకాణంల పొడి కొనుక్కో."

"గది పూటకే పోతది. మోదుగది వారమైనా పోదు."

గొణుక్కుంటూనే బయలుదేరాడు. ప్లాట్ల రాళ్లు పాతిన చెల్కలు దాటితే గుట్ట. గుట్ట వెనక, బండల సందున, ఒకప్పుడు రామమ్మ చూపిన చెట్టు. ఒక్క ఆకు లేదు. కొమ్మకొమ్మకూ ఎర్రని చిలుకముక్కులే. గోరింకలు తేనె తాగి కొట్లాడుకుంటున్నాయి. ఒక పువ్వు సరిగ్గా ఎల్లేశం ముక్కు మీద పడింది.

"సిగ్గులేని చెట్టు!" అని తిట్టి, రుమాలు నిండా ఏరుకున్నాడు. దిగుతుంటే కాళ్లు వాటంతటవే గెంతాయి. ఎవరూ చూడలేదు కదా అని ఇంకోసారి గెంతాడు.

ఉమారాణి పుట్టింట్లో ఆ పూలను స్నానాల కాగులోనే నానేసి, తెల్లవారి కింద మంట పెడతారు. ఎక్కడైనా అంతేననుకుని ఇక్కడా అలాగే చేసింది. మామకు చెప్పలేదు.

హోళీ నాడు కోడి కూయగానే ఎల్లేశం స్నానానికి తడికెల చాటుకు పోయాడు. ఇంకా మసక చీకటే. వెచ్చని నీళ్లు చెంబు మీద చెంబు గుమ్మరించుకున్నాడు. తెల్ల ధోవతి కట్టి, గడియ పెట్టడానికి వాకిట్లోకి వచ్చాడు. అప్పటికే గడపలో సైదులు.

సైదులు చేతిలోంచి బకెట్ జారింది. "బావా! ఎవలు పోసిండ్రే? గడ్డం మాగిన మామిడిపండు లెక్కుంది!"

ఎల్లేశం చేతులు చూసుకున్నాడు. పసుపు. పొట్ట చూసుకున్నాడు. పసుపు. ధోవతి కూడా మెల్లగా పచ్చబడుతోంది.

ఉమారాణి కొంగు నోట్లో కుక్కుకుంది. "మామా, కాగుల పూలుండె..."

"ఏ చెట్టుయి?" అన్నాడు సైదులు.

"గుట్టెనక, బండల సందుయి." ఎల్లేశం నోరు జారాడు. ఇన్నేళ్లలో బామ్మర్దితో అదే మొదటి మాట.

సైదులు కూలబడి నవ్వాడు. నవ్వుతూనే కండ్లు తుడుచుకున్నాడు. "అక్క చెట్టే! అక్కనే పోసింది బావా, నేను గాదు. నీ ఒట్టు చెడలే!"

ఎల్లేశం మూతి బిగించాడు. మూతి ఆగలేదు. ఉరికి పోయి కాగులో చెంబు ముంచుకొచ్చాడు.

"నిన్ను మాఫ్ జెయ్యలేదురా!" అంటూ సైదులు నెత్తిన పోశాడు. "దినాలకు రాలేదు నువ్వు!" ఇంకో చెంబు. "సిగ్గులేనోడా!" ఇంకోటి.

"పొయ్యి బావా, పొయ్యి!" సైదులు వాకిలంతా గంతులేస్తున్నాడు.

కాగులో నీళ్లు అడుగంటాయి. ఎల్లేశం పసుపు గడ్డం పిండుకున్నాడు.

"బిడ్డా, గంప తే. మల్ల గుట్టకు పోవాలె. ఒరే సైదులు, నువ్వు గూడ నడువు. చెట్టెక్కేటోడు గావాలె."