రంపానికి లొంగే ఉంగరం

చోడవరం మెయిన్ రోడ్డులోని నగల షాపులో గౌతమి నాలుగేళ్లుగా కౌంటరు మీద పని చేస్తోంది. ఎంత తెమలని మనిషినైనా పావుగంటలో ఒక ఉంగరం దగ్గరకు తెచ్చి నిలబెట్టగలదు. చెరకు నరికే చేతికి ఏది ఆగుతుందో, వెండి ఎవరి ఒంటి మీద నల్లబడుతుందో చూపుతోనే చెప్పేస్తుంది. అలాంటిది, తన నిశ్చితార్థంలో పెళ్లికొడుకు వేలికి తొడగాల్సిన ఉంగరం సంగతి మాత్రం తొమ్మిది రోజులైనా తేల్చుకోలేకపోయింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తానే వెళ్లి కుడితి తొట్లో పడ్డట్టయింది.

మనసైతే ప్లాటినం మీద ఉంది. అది వంగదు, అరగదు, రంగు మారదు. పెళ్లికొడుకు శివాజీ చీడికాడలో కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగి. మొరటు పని చేసే చేతికి గట్టి లోహం ఉండాలని ఆమె లెక్క.

"తెల్ల ఉంగరమేటే? స్టీలనుకుంటారు. బంగారమే పెట్టు," అంది తల్లి నూకరత్నం.

తల్లీకూతుళ్లకు ఒక్క విషయంలోనే పేచీ లేదు. నిశ్చితార్థం ఉంగరం ఒకసారి తొడిగితే పెళ్లయ్యేదాకా తీయకూడదు. నూకరత్నం చెల్లెలికి మొదట కుదిరిన పెళ్లికొడుకు స్నానానికని ఉంగరం తీసి గూట్లో పెట్టాడట, వారం తిరక్కుండా సంబంధం తప్పిపోయిందట. అతను వేరే కారణాలతో తప్పుకున్నాడని ఊరంతటికీ తెలుసు. ఆ ఇంట్లో మాత్రం నేరం గూటిదే.

బుధవారం మధ్యాహ్నం శివాజీ వేలి కొలత ఇవ్వడానికి షాపుకు వచ్చాడు. కుడిచేతి ఉంగరపు వేలికి నల్లటి కరెంటు టేపు చుట్టి ఉంది.

"దెబ్బ తగిలిందేటండీ?" అనడిగింది గౌతమి.

"దెబ్బ కాదు," అంటూ అతను టేపు విప్పాడు. లోపల స్టీలు ఉంగరం. ఐటీఐ చదివే రోజుల్లో జాతరలో కొనుక్కున్నాడట. ఈలోగా వేలు లావెక్కింది, అది రానంటోంది. స్తంభం ఎక్కేటప్పుడు ఒంటి మీద లోహం ఉండకూడదని రూలు. అందుకని టేపు.

షాపు వెనక గదిలో నగలు బాగుచేసే పెదబాబు కళ్లద్దాలు సర్దుకుని ఆ వేలును తిప్పి చూశాడు. "టేపు సుడితే కరెంటు ఊరుకుంటాదా బాబూ?"

"ఒకసారి ఊరుకోనేదు తాతా," అని శివాజీ నవ్వాడు.

ఉంగరం కింద, వేలి చుట్టూ, కాలి మానిన తెల్లటి చార ఉంది. గౌతమి దాన్ని చూసింది. చేతిలోని ప్లాటినం కేటలాగు తెరిచిన పేజీ మీదే ఆగిపోయింది. భయమేసింది ఆమెకు, నిజంగా భయమేసింది.

పెదబాబు ముందు సబ్బు రాశాడు. దారం చుట్టి లాగాడు. అవేవీ పనిచేయక రంపం తీశాడు. చోడవరం చుట్టుపక్కల ఎవరి వేలు వాచినా, కందిరీగ కుట్టినా, ఉంగరం కోయించుకోవడానికి ఆసుపత్రి కంటే ముందు పెదబాబు దగ్గరకే వస్తారు. వేలికీ ఉంగరానికీ మధ్య సన్నటి రేకు దూర్చి, ఆ రేకు మీద కోస్తాడు. స్టీలు అతని చేతిని ఖాతరు చేయలేదు. మూడు రంపపు తీగలు తెగాయి. దగ్గర దగ్గర గంట పట్టింది. శివాజీ వేలు నీలంగా మారి, నవ్వు ఎటో పోయి, నుదుటి మీద చెమట పట్టింది.

ఆఖరికి ఉంగరం విడిపోయి బల్ల మీద పడింది.

"ఇదే బంగారమైతే టీ సల్లారీలోపు తీసీవోణ్ణి," అన్నాడు పెదబాబు.

"ప్లాటినమైతే?"

"తెగుద్దమ్మా. గానీ అది మొండిది. బంగారంలాగ లొంగదు."

గౌతమి కేటలాగు మూసి సొరుగులో పెట్టేసింది. శివాజీ కొలత ఇచ్చి వెళ్లాక మళ్లీ వెనక గదిలోకి వచ్చింది. "ఇరవై రెండు కేరట్లది సెయ్యి తాతా. సన్నగా ఉండాలి. రాయి వద్దు. ఆయన కొలత ఇరవై, నువ్వు ఇరవై రెండు పెట్టు."

పెదబాబు కళ్లద్దాల మీదుగా చూశాడు. "జారిపోద్ది."

"జారాలనే సెప్తన్నాను."

శుక్రవారం నిశ్చితార్థం. గౌతమి తొడిగిన ఉంగరం కణుపుకు తగలకుండానే దిగి, వేలి మీద గిర్రున తిరిగింది. శివాజీ నాయనమ్మ అచ్చియ్యమ్మ పకపకా నవ్వింది. "నగల షాపు గుంటకి కొలత తెలీనేదేటర్రా!" పందిరంతా నవ్వింది. నూకరత్నం తల కొట్టేసినట్టయి, "ఒసే, నా పరువు తీసేవు కదే," అని కూతురి చెవిలో గొణిగింది. గౌతమి తలవంచుకుని నిలబడింది.

భోజనాల దగ్గర శివాజీకి ఫోనొచ్చింది. చీడికాడ దగ్గర చెరకు తోటలో తీగ తెగి పడిందట, రెండో మనిషి మాడుగులలో ఉన్నాడట. ఆ రోజు సెలవే అయినా వెళ్లక తప్పదు.

"ఎల్లండి గానీ, ఉంగరం మటుకు తియ్యకండి బాబూ. ఇయ్యాల తియ్యకూడదు," అంది నూకరత్నం. అచ్చియ్యమ్మ తలూపింది.

పెద్దవాళ్ల మాట కాదనలేక శివాజీ బండి సంచిలోంచి నల్ల టేపు చుట్ట తీశాడు. కొస పళ్లతో పట్టుకుని, కొత్త ఉంగరం మీద చుట్టడం మొదలుపెట్టాడు.

గౌతమి విస్తరి ముందు నుంచి లేచింది. అందరి మధ్య నుంచి నడిచి వెళ్లి, టేపు లాగి పారేసి, అతని చెయ్యి పట్టుకుని కిందికి విదిలించింది. సబ్బూ లేదు, దారమూ లేదు. ఉంగరం జారి ఆమె అరచేతిలో పడింది.

"తీసింది ఆయన కాదమ్మా, నేను," అంది తల్లితో. శివాజీ వైపు తిరిగి, "స్తంభం దిగీసేక ఫోన్ సెయ్యండి," అంది.

బండి చప్పుడు దూరమయ్యాక వెళ్లి విస్తరి ముందు కూర్చుంది. పులిహోర వడ్డించి ఉంది, అన్నం మీద పప్పు ఆరిపోతోంది. తినమని తల్లి రెండుసార్లు కసిరింది. ఫోను మోగేదాకా గౌతమి కుడిచేతి పిడికిలి విప్పలేదు.