ఐసక్క అరచెయ్యి

సుత్తి ఎత్తి ఐసు దిమ్మ నడినెత్తిన ఇంకో దెబ్బ వేసింది ఐసక్క. దిమ్మ నిలువునా చీలింది. ముక్కల్ని పారతో చేపల పెట్టెల్లోకి తోసి, పక్కకు జారిన పెద్ద పెంకుల్ని ఉత్త చేత్తోనే ఏరి పైన సర్దింది. ఫ్యాక్టరీ వాళ్లు చేతి తొడుగులు ఇచ్చారు గానీ, తడిసి వేళ్లకు అతుక్కుంటాయని వాటిని మేకుకు తగిలించేసింది. ఆ అరచేతులు చూడాలి. చెప్పు అడుగులా గట్టిపడి, గీతల్లో నల్లగా, అంచుల్లో తెల్లగా పగిలిపోయి ఉంటాయి. పొగలు కక్కే టీ గ్లాసును గుప్పిట్లో నిండుగా పట్టుకుని తాగుతుంది. చూసేవాళ్లకు చురుక్కుమంటుంది, ఆమెకు మాత్రం ఏమీ ఉండదు.

పొద్దున ఇంట్లో గొడవపడి వచ్చింది. గొడవ అంటే ఇద్దరూ అరుచుకున్నారని కాదు, అరుపులన్నీ తమ్ముడి భార్యవే.

తమ్ముడి కూతురు ఏడాదిలో గడకర్రలా ఎదిగింది. గౌన్లన్నీ మోకాళ్ల పైకి వెళ్లిపోయాయి. పరుగులో చిరుత, ఇంట్లో పిలుపు కూడా చిరుతే. ఎదిగిందన్న సంతోషం తీరకముందే మోకాలి చిప్ప కింద సగం నిమ్మకాయంత బొడిపె లేచింది. మెట్లు దిగితే నొప్పి, గొంతుకూర్చుంటే నొప్పి, పరిగెత్తి వచ్చిన రోజు ఏడుపే ఏడుపు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది ఐసక్కే. డాక్టరమ్మ కాలు వంచి, చాపి చూసింది. “ఎముక తొందరగా పెరుగుతోంది, తొడ కండ దాన్ని గుంజుతోంది. భయపడేది కాదు. ఎదుగుదల ఆగాక అదే పోతుంది. అందాకా పరుగులు, గెంతులు తగ్గించాలి. ఐసు గుడ్డలో చుట్టి పెట్టి, కాసేపటికి తీసెయ్యండి,” అంది.

ఆ మాటే ఐసక్క పొద్దున మళ్లీ చెప్పబోయింది.

“సాయంత్రం సెలక్షన్లు,” అంది తమ్ముడి భార్య. “ఆటల హాస్టల్లో సీటొస్తే దాని బతుకు బాగుపడుతుంది. నువ్వు అడ్డంపడకు వదినా.”

“ఈ ఒక్కసారికి ఆపు అమ్మాయ్. రాత్రంతా కాలు పట్టుకుని మూలిగింది.”

“కన్నదాన్ని నేను. నీకేం తెలుసు పిల్లల సంగతి?”

తమ్ముడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండిపోయాడు. ఇంట్లో ఇలాంటి మాటలు లేచినప్పుడల్లా ఆ గుండీలు ఒక పట్టాన పడవు. తల్లి పోయిననాటికి వాడికి నిక్కరు జారకుండా కట్టుకోవడం కూడా రాదు. వాడిని పెంచడానికే ఐసక్క ఈ ఫ్యాక్టరీలో చేరింది. వాడి పెళ్లి చేసేసరికి, ఆమె పెళ్లి మాట ఎత్తేవాళ్లే లేకుండా పోయారు. ఇప్పుడు వాడింట్లో ఆమెది వంటగది పక్కన చాప పట్టేంత చోటు.

మధ్యాహ్నం చిరుత కుంటుకుంటూ ఫ్యాక్టరీకే వచ్చేసింది.

“అత్తా, నొప్పి పోగొట్టు.”

“పోగొడతా. పరుగు మాత్రం వద్దు.”

“సరే.”

“సరే అంటే?”

“సరే అంటే సరే! డాక్టరు కన్నా నువ్వే ఎక్కువ సతాయిస్తున్నావు.”

పెట్టెలు మోసేవాడు అటుగా పోతూ, “ఐసక్కా, చేప అనుకుని పిల్లను కూడా సర్దేసేవు,” అని నవ్వాడు.

గుడ్డ చుట్టమన్న మాట గుర్తుంది. కానీ గుడ్డ అడ్డముంటే చలవ దిగదని ఆమె నమ్మకం. చేపకు గుడ్డ చుట్టి ఐసు వేస్తామా? ఉత్త పెంకునే బొడిపె మీద అదిమి పట్టింది. కాసేపు అంటే తన అరచెయ్యి జివ్వుమనేదాకా అనుకుంది. అరచెయ్యి ఎంతకీ జివ్వుమనలేదు. పిల్ల ముందు కాలు లాక్కోబోయింది, తర్వాత పళ్లు బిగబట్టింది, తర్వాత నవ్వింది.

“అత్తా, నొప్పే లేదు! అసలేమీ తెలియడం లేదు!”

పెంకు తీస్తే చర్మం మైనంలా తెల్లగా ఉంది. చలవ బాగా పట్టిందనుకుంది ఐసక్క. పిల్ల ఒక్క దూకు దూకి వీధి మలుపు తిరిగేసింది. అది ఇంటికి పోయే మలుపు కాదు, మైదానానికి పోయేది.

ఐసక్క పని దిగి ఇంటికొచ్చేసరికి పిల్ల మంచం మీద ఉంది. మోకాలి కింద ఎర్రగా కమిలి, నీటి బుడగలా బొబ్బ లేచింది. పరుగు గీత దగ్గర నిలబడగానే మంటెత్తి కూలబడిపోయిందట. డ్రిల్లు మాస్టారు ఇంటికి పంపేసి, తర్వాతి పిల్లను పిలిచాడట.

“పొద్దున వద్దన్నావు, మధ్యాహ్నం కాల్చావు. ఎంత తెలివి వదినా!”

“కావాలని కాదు. నా చేతికి తెలియలేదు.”

“చేతికి తెలియలేదట! విన్నారా?”

తమ్ముడు తలెత్తాడు. “ఇన్నేళ్లుగా ఐసులోనే ఉన్నావు. ఉత్త ఐసు కాలుస్తుందని నీకు తెలియదంటే ఎవరు నమ్ముతారక్కా?”

ఐసక్క అరచెయ్యి చాపింది. ఎవరూ చూడలేదు.

“కావాలనే చేశావు,” అంది చిరుత, గోడకేసి తిరిగి. “నేను పరిగెత్తకూడదనే చేశావు.”

తమ్ముడి నిష్ఠూరమైనా, అతని భార్య అరుపైనా ఆమెకు కొత్త కాదు. ఈ మాటకు మాత్రం చాపిన చెయ్యి దానంతటదే దిగిపోయింది.

“కొన్నాళ్లు ఎక్కడైనా ఉండక్కా,” అన్నాడు తమ్ముడు.

ఆమె బట్టలు మూటగట్టుకుంది. చాప చుట్టి గోడకు ఆనించింది. తన దిండు తెచ్చి పిల్ల మోకాలి కింద పెట్టబోతే, పిల్ల బాగున్న కాలితో ఒక్క తన్ను తన్నింది. దిండు మంచం కోడు దగ్గర పడింది. ఐసక్క దాన్ని ఎత్తలేదు. గుమ్మంలో తమ్ముడి భార్య పక్కకు జరిగి దారిచ్చింది. ఆ ఇంట్లో ఆమెకు అంత మర్యాద ఎన్నడూ జరగలేదు.

వీధి లైట్లు వెలిగేసరికి బొబ్బ మంట కొంచెం సర్దుకుంది. కాలు మాత్రం చాపితే లాగుతోంది, ముడిస్తే లాగుతోంది. చిరుత పళ్లు కొరుకుతూ చాలాసేపు అటూ ఇటూ దొర్లింది. చివరికి చెయ్యి కిందికి వేలాడేసి, ఎవరి మీదో కోపంగా, దిండును విసురుగా లాక్కుంది. పాత బట్టతో కుట్టిన గలీబు, దాని మీద తలనూనె జిడ్డు, నడుమ ఏళ్లుగా ఒకే తల ఆని ఆని పడిన గుంట. ఆ గుంటలో ఇప్పుడు మోకాలు ఉంది.